నారు పోసినవారు నీరు పోస్తారా? సరిహద్దు జిల్లాల్లో శ్వాసకోశ వ్యాధుల పరిశోధన, సీడ్ గ్రాంటు, మెంటారు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఆటో ఎక్కితే కాసేపట్లో ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలో దిగుతాం. బట్టలు కొనుక్కోవడానికి, పెళ్లి సంబంధాలు చూసుకోవడానికి, జ్వరం వస్తే డాక్టరుకు చూపించుకోవడానికి ఈ రాష్ట్ర సరిహద్దు ఎవరికీ అడ్డు రాదు. ఆసుపత్రి రిజిస్టరుకు మాత్రం అది దాటరాని గోడ. గజపతి జిల్లాలోని గుమ్మ, సెరంగో వైపు కొండల నుంచి దగ్గు, జ్వరంతో డొక్కలెగరేస్తున్న పసిబిడ్డను ఎత్తుకొని వచ్చిన తల్లిదండ్రులు ముందు పర్లాకిమిడిలో చూపిస్తారు, తగ్గకపోతే శ్రీకాకుళానికి, అక్కడా కుదరకపోతే విశాఖపట్నానికి వెళతారు. ఒడిశా రిజిస్టరులో ఆ బిడ్డ పెద్దాసుపత్రికి పంపిన కేసుగా ఆగిపోతుంది, ఆంధ్రప్రదేశ్ రిజిస్టరులో పొరుగు రాష్ట్రపు చిరునామాగా మొదలవుతుంది. మధ్యలో ఏమైందో, చివరికి ఇంటికి చేరిందో లేదో చెప్పే కాగితం రెండు రాష్ట్రాల్లో ఎక్కడా దొరకదు.

మా జిల్లాలో కొంతకాలం పనిచేసిన ఒక యువ వైద్యురాలు ఈ సంగతినే పరిశోధనాంశంగా తీసుకోవాలనుకున్నారు. నేను తెలుగు మేస్టారిని. ఆవిడ పత్రాలను తెలుగులోకి మార్చే పని నా మీద పడడంతో ఈ వ్యవహారం లోతుపాతులు కొంత తెలిశాయి. ఆవిడకు కావలసినవి ఒక క్షేత్ర సహాయకురాలి జీతం, ఫోను ఖర్చు, బండికి పెట్రోలు, వీటికి తోడు లెక్కలు సరిచూసి తప్పు చెప్పగల ఒక పెద్దదిక్కు. మొదటి మూడింటికీ ఇచ్చే డబ్బును సీడ్ గ్రాంటు అంటారు, నాలుగో అవసరం తీర్చే మనిషిని మెంటారు అంటారు. ఈ రెండూ విడివిడిగా ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతాయి. ఒకే మనిషికి, ఒకే ఏడాది, వానలు మొదలయ్యేలోపు దొరకడమే అరుదు. అందుకు కారణాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి కనుక వాటిని విడదీసి చూడాలి.

నారు పోసినవాడు నీరు పోయడా అని మనవాళ్లు దేవుడి మీద భారం వేసి ధైర్యం చెప్పుకుంటారు. గ్రాంట్ల వ్యవహారంలో ఈ సామెత చెల్లదు. నారు పోసే సంస్థ ఢిల్లీలో ఉంటుంది, నీరు పెట్టగలిగిన అనుభవజ్ఞుడు హైదరాబాదులోనో వెల్లూరులోనో ఉంటాడు, మడి మాత్రం ఇక్కడ ఉంటుంది.

చిన్న డబ్బుకు ఎంత ప్రశ్న

సీడ్ గ్రాంటును పెద్ద గ్రాంటుకు తమ్ముడిగా చూడడం దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. పెద్ద గ్రాంటు ఒక ప్రశ్నకు సమాధానం రాబట్టడానికి ఇచ్చేది. సీడ్ గ్రాంటు అంతకన్నా ముందు మెట్టు: ఆ ప్రశ్న ఈ ఊళ్లో అడగదగినదేనా, అడిగే పద్ధతి ఇక్కడ నడుస్తుందా, జనం ఒప్పుకుంటారా, నమూనాలు చెడిపోకుండా ప్రయోగశాలకు చేరతాయా అన్న సంగతులు తేల్చుకోవడానికి ఇచ్చేది. ఈ తేడా మాటల్లో కన్నా అంకెల్లో బాగా తెలుస్తుంది.

ఒక ప్రాంతంలో న్యుమోనియా వచ్చిన ప్రతి 100 మంది పిల్లల్లో ఇద్దరు చనిపోతున్నారనుకుందాం. మనం ప్రవేశపెట్టబోయే కొత్త పద్ధతి వల్ల ఆ సంఖ్య ఒకటికి తగ్గుతుందని మన నమ్మకం. తగ్గుదల కాకతాళీయం కాదని గట్టిగా చెప్పాలంటే, పరిశోధకులు మామూలుగా పెట్టుకునే హద్దుల ప్రకారం, అంటే లేని తేడాను ఉందని పొరబడే అవకాశం 5 శాతానికి మించకుండా, ఉన్న తేడాను పట్టుకునే అవకాశం 80 శాతం ఉండేలా లెక్క కడితే, పాత పద్ధతి గుంపులో సుమారు 2,300 మంది, కొత్త పద్ధతి గుంపులో మరో 2,300 మంది జబ్బుపడిన పిల్లలు కావాలి. పిల్లలను విడివిడిగా కాక ఊళ్లకు ఊళ్లనే గుంపులుగా విభజిస్తే ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది. కొన్ని లక్షల రూపాయలతో, ఒక్క సహాయకురాలితో, ఒక్క ఏడాదిలో ఇది జరిగే పని కాదు.

అదే డబ్బుతో 50 మంది తల్లులను కలిసి, పరీక్ష కోసం బిడ్డ ముక్కులోంచి స్వాబ్ తీయనిస్తారా అని అడగవచ్చు. 40 మంది ఒప్పుకున్నారనుకుంటే, ఆ ప్రాంతంలో అసలు ఒప్పుకోలు 67 నుంచి 89 శాతం మధ్య ఎక్కడో ఉందని ధీమాగా చెప్పవచ్చు. వెడల్పైన అంచనాయే అయినా, రేపు పెద్ద అధ్యయనం చేయబోయేవారు ఎన్ని ఇళ్లు తిరగాలో, ఎన్ని కిట్లు తెప్పించుకోవాలో దీని ఆధారంగానే నిర్ణయించుకుంటారు. ఎంపిక సంఘాలు సీడ్ దరఖాస్తుల్లో వెతికేది ఈ కొలత కుదిరిన ప్రశ్న కోసమే. మా వైద్యురాలి మొదటి దరఖాస్తు "రాష్ట్రం దాటి వెళ్లడం వల్ల న్యుమోనియా మరణాలు పెరుగుతున్నాయా" అని అడిగింది. మంచి ప్రశ్న, తప్పు సంచిలో వేసిన ప్రశ్న. అది తిరిగి వచ్చింది.

గడ్చిరోలిలో ఊపిరి లెక్క

చిన్నగా మొదలైన ప్రశ్న ఎంత దూరం వెళ్లగలదో చూపడానికి విదేశీ ఉదాహరణ అక్కరలేదు, మన మరో సరిహద్దు జిల్లా చాలు. మహారాష్ట్రలో, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఉన్న సిరోంచా ఒకవైపు తెలుగు, మరోవైపు మాడియా గోండి, పైన ప్రభుత్వ మరాఠీ ఉన్న ప్రాంతం. ఆ తాలూకా ఉన్న గడ్చిరోలి జిల్లా 1982లో చంద్రపూర్ నుంచి విడిపోయింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు స్థాపించిన సెర్చ్ సంస్థ 1980ల చివర్లో ఆ జిల్లాలో ఒక ప్రశ్న అడిగింది: డాక్టరు లేని పల్లెలో, తగిన శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త, చివరికి చదువురాని మంత్రసాని కూడా, బిడ్డకు న్యుమోనియా అని గుర్తించి మందు ఇవ్వగలదా?

దీనికి ఎక్స్‌రే వాడలేదు. ఊపిరి లెక్కపెట్టారు. దగ్గు ఉన్న బిడ్డ ఒక నిమిషంలో తీసే శ్వాసలు రెండు నెలల లోపు వయసులో 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా అంతకు మించితే ఊపిరి వేగంగా ఉన్నట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈనాటికీ వాడుతున్న కొలత ఇదే. కానీ అరవై దాకా అంకెలు రాని మంత్రసాని ఎలా లెక్కపెట్టాలి? అందుకోసం ఒక నిమిషంలో కిందికి జారే ఇసుక గడియారం, దాని పక్కన వరసగా పూసలు ఉన్న చిన్న పరికరం తయారుచేశారు. పది శ్వాసలకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోకముందే ఎర్రపూస దాకా వస్తే మందు మొదలుపెట్టాలి. పది దాకా లెక్కపెట్టడం వస్తే చాలు. నేను ఈ పరికరం గురించి తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు పెన్నులు పక్కన పెట్టి తమ ఊపిరి తామే లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. పాఠం ఆ రోజు అక్కడితో ఆగింది.

ఫలితాలు 1990లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. ఈ పద్ధతి అమలైన 58 ఊళ్లలో ఒక ఏడాదిలో 612 న్యుమోనియా కేసులకు వైద్యం చేస్తే, వారిలో మరణాలు 0.8 శాతం. పోల్చి చూడడానికి తీసుకున్న 44 ఊళ్లలో అది 13.5 శాతం. ఐదేళ్ల లోపు పిల్లల్లో న్యుమోనియా మరణాలు ప్రతి వెయ్యి మందికి ఒకచోట 8.1 ఉంటే మరోచోట 17.5 ఉన్నాయి. వాడిన మందు కోట్రైమాక్సజోల్, ఏ మందుల దుకాణంలోనైనా దొరికే చవక మందు.

ఈ కథలో సాధారణంగా చెప్పకుండా వదిలేసే భాగం మెంటారుది. బంగ్ దంపతులు 1984లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం చదివారు. అక్కడ వారికి మార్గదర్శి అయిన కార్ల్ టేలర్ ముస్సోరీ దగ్గర పుట్టిన మనిషి. ఆయన 1960ల చివరి నుంచి పంజాబ్‌లోని నరంగ్‌వాల్‌లో నడిపిన ప్రాజెక్టులో గ్రామస్థాయి కార్యకర్తలు పిల్లల న్యుమోనియాకు పెన్సిలిన్ ఇచ్చేవారు. అంటే గడ్చిరోలి ప్రశ్నకు నారు పంజాబ్‌లో పడింది. ఒక తరం అనుభవం మరో తరానికి చేరడానికి మధ్యలో ఒక గురువు ఉన్నాడు, ఆ గురువు తన ప్రశ్నను శిష్యుల నెత్తిన రుద్దలేదు, వారు తమ జిల్లాకు తగినట్టు మార్చుకోనిచ్చాడు. నా దృష్టిలో మెంటారు పాత్రకు ఇంతకన్నా మంచి నిర్వచనం కుదరదు.

గడ్చిరోలితో ఆ ప్రశ్న ముగిసిపోలేదు కూడా. న్యుమోనియాకు ముఖ్య కారణాల్లో ఒకటైన న్యుమోకాకస్ బ్యాక్టీరియా మీద పనిచేసే పీసీవీ టీకా ప్రభుత్వ కార్యక్రమంలో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021లో దేశమంతటా విస్తరించింది. టీకా వచ్చాక మిగిలిన న్యుమోనియాలో ఏ సూక్ష్మజీవి వాటా ఎంత అన్నది ఇప్పుడు కొత్తగా లెక్కవేయవలసిన విషయం. మా కొండ జిల్లాల్లోనూ గడ్చిరోలిలోనూ కనిపించే సికిల్ సెల్ జబ్బు, అంటే ఎర్రరక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు, దీన్ని మరింత చిక్కు చేస్తుంది. ఆ జబ్బు ఉన్న పిల్లల్లో ప్లీహం చిన్న వయసులోనే దెబ్బతినడం వల్ల న్యుమోకాకస్ వారికి ఎక్కువ ప్రమాదకారి. పైగా సికిల్ సెల్ వల్లనే ఊపిరితిత్తుల్లో తలెత్తే తీవ్ర సమస్య బయటికి అచ్చం న్యుమోనియాలాగే కనిపిస్తుంది. ఊపిరి లెక్క ఈ రెండింటినీ వేరు చేయలేదు. ఇలాంటి ప్రశ్న ఢిల్లీలో కూర్చున్నవారికి మొదట తోచదు, ఇక్కడ పిల్లల వార్డులో రాత్రి డ్యూటీ చేసేవారికి తోస్తుంది.

డబ్బు వచ్చే దారులు

ఈ భాగం త్వరగా ముగిద్దాం, ఎందుకంటే పథకాల పేర్లకు కొదవ లేదు. ఎంబీబీఎస్ విద్యార్థి స్థాయిలో భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 1979 నుంచి రెండు నెలల స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ ఇస్తోంది. విద్యార్థి ఒక అధ్యాపకుడి పర్యవేక్షణలో చిన్న అధ్యయనం పూర్తిచేసి నివేదిక ఇవ్వాలి. పీజీ థీసిస్‌కు, క్షయ కార్యక్రమంలో క్షేత్ర పరిశోధనకు విడిగా కొద్దిపాటి సహాయం ఉంటుంది. ఉద్యోగంలో కుదురుకున్న యువ శాస్త్రవేత్తలకు, 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ ప్రధానమంత్రి పేరుతో ఇచ్చే తొలిదశ గ్రాంటు మూడేళ్లకు 60 లక్షల రూపాయల వరకు ఉంటుంది. పరీక్షా పరికరమో కిట్టో తయారుచేయాలనుకునేవారికి జీవసాంకేతిక రంగంలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ తన బిగ్ గ్రాంటు కింద 18 నెలలకు 50 లక్షల వరకు ఇస్తుంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఇండియా అలయన్స్ ఫెలోషిప్పులు వైద్యులకూ ప్రజారోగ్య పరిశోధకులకూ వర్తిస్తాయి. ఐసీఎంఆర్ చిన్న గ్రాంటు అని పిలిచేది రెండు కోట్ల వరకు వెళుతుంది. చిన్న అన్న మాటకు అర్థం రాజధానిలో ఒకటి, పర్లాకిమిడిలో మరొకటి. విదేశాల్లో గేట్స్ ఫౌండేషన్ 2008లో మొదలుపెట్టిన గ్రాండ్ ఛాలెంజెస్ ఎక్స్‌ప్లొరేషన్స్ పథకం రెండు పేజీల దరఖాస్తుకే లక్ష డాలర్ల తొలి గ్రాంటు ఇవ్వడంతో పేరు తెచ్చుకుంది, కానీ విదేశీ డబ్బుతో ఆరోగ్య పరిశోధన చేయాలంటే కేంద్ర ఆరోగ్య శాఖ పరిశీలన సంఘం అనుమతి కూడా కావాలి.

ఇన్ని దారులున్నా సరిహద్దు జిల్లా వైద్యుడికి వాకిలి దగ్గరే అడ్డు తగులుతుంది. గ్రాంటు మనిషికి కాక సంస్థకు వస్తుంది. ఆ సంస్థకు నమోదైన నీతి సంఘం, అంటే ఎథిక్స్ కమిటీ, ఉండాలి, గ్రాంటు ఖాతా నడపగల అకౌంట్ల విభాగం ఉండాలి, చాలా పథకాల్లో దరఖాస్తుదారు అక్కడ రెగ్యులర్ ఉద్యోగి అయి ఉండాలి. సామాజిక ఆరోగ్య కేంద్రంలో కాంట్రాక్టు మీద ఉన్న డాక్టరుకు ఇందులో ఏదీ ఉండదు. ఆ డాక్టరు బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల వంటి పెద్ద సంస్థలో ఒక అధ్యాపకుడిని ప్రధాన పరిశోధకుడిగా పెట్టుకొని తాను సహ పరిశోధకుడిగా ఉండాలి. 1962లో ఏర్పడిన, పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరున్న ఆ కళాశాల మాకు దక్షిణ ఒడిశాలో పెద్దాసుపత్రి, కానీ ఒక్కో అధ్యాపకుడి మీద ఉన్న రోగుల తాకిడి చూసినవారెవరూ ఇంకో ప్రాజెక్టు తల మీద పెట్టుకోండి అని ధైర్యంగా అడగలేరు.

వాన ఒక లెక్క, మార్చి ఒక లెక్క

శ్వాసకోశ వ్యాధులకు ఋతువు ఉంది. మన దేశంలో ఫ్లూ ఏటా రెండుసార్లు పెరుగుతుంది, జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానల కాలం చివర్లో మరోసారి. వానాకాలంలో పొయ్యి లోపలే, నిద్ర లోపలే, పిల్లలూ పెద్దలూ ఒకే గదిలో. జూన్ మధ్యలో వానలు దిగేసరికి సహాయకురాలు శిక్షణ పూర్తిచేసుకొని ఊళ్లలో ఉండాలి. అలా కుదరకపోతే ఆ ఏటి జబ్బు ఆ ఏటితో పోతుంది, మళ్లీ ఏడాది ఆగాలి.

ప్రభుత్వ డబ్బుకు వేరే పంచాంగం ఉంది. ఏప్రిల్‌లో ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది, మంజూరు ఉత్తర్వు వేసవిలో వచ్చినా తొలి వాయిదా సంస్థ ఖాతాలో పడేసరికి వానలు సగమైపోతాయి. నీతి సంఘం అనుమతి లేకుండా ఒక్క ఇంటి తలుపు తట్టకూడదు, చిన్న కళాశాలల్లో ఆ సంఘం మూడు నెలలకోసారి కూర్చుంటే గొప్ప. రెండు రాష్ట్రాల ఆసుపత్రుల రిజిస్టర్లు చూడాలంటే రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖల అనుమతి కావాలి. ఒకటికి మించిన చోట్ల జరిగే అధ్యయనాన్ని ఒకే ప్రధాన నీతి సంఘం సమీక్షించే వెసులుబాటును ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు కల్పించినా, దాన్ని వాడుకోవాలని తెలిసినవారు, వాడుకోవడానికి ఒప్పుకునేవారు తక్కువ. కొనుగోళ్లు ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటు అయిన జెమ్ పోర్టల్‌లో చేయాలి. ఏడాది చివర ఖర్చుపెట్టినదానికి 12-ఎ ఫారంలో వినియోగ ధ్రువపత్రం ఇస్తేనే తర్వాతి వాయిదా వస్తుంది. ఈ ఫారం నింపడం రానందువల్ల ఆగిపోయిన ప్రాజెక్టులు, శాస్త్రం తప్పి ఆగిపోయినవాటికన్నా ఎక్కువని నాకు అనుమానం.

మా వైద్యురాలి రెండో దరఖాస్తుకు గ్రాంటు మంజూరైన ఏడాది, డబ్బు చేతికి వచ్చింది నవంబరులో. సంస్థ పేరు ఇక్కడ అనవసరం, ఏ ఒక్కరి తప్పూ కాదు, బల్ల మీది కాగితం తన వంతు కోసం ఆగింది, అంతే. అప్పటికి కొండల మీద వరికోతలు. వానాకాలపు పిల్లలు కోలుకున్నవారు కోలుకున్నారు. చలికాలంలో మొదలుపెట్టి మార్చి 31లోపు ముగించమంటే, ఆవిడ చేయగలిగింది ఫారాలు పరీక్షించుకోవడం, సహాయకురాలికి శిక్షణ ఇవ్వడం మాత్రమే.

దీనికి మందు డబ్బు పెంచడం కాదని నా అభిప్రాయం. శ్వాసకోశ వ్యాధుల సీడ్ గ్రాంటు కాలాన్ని 12 నెలలకు బదులు రెండు వానాకాలాలు వచ్చేలా 18 నుంచి 24 నెలలకు పెట్టడం, నీతి సంఘం అనుమతికి పట్టే కాలాన్ని గ్రాంటు గడువులో లెక్కవేయకపోవడం, ఈ రెండు మార్పులకూ అదనంగా ఒక్క రూపాయి అక్కరలేదు. స్వాబ్ నమూనాలు తీసే అధ్యయనాల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. నమూనాను 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచి మూడు రోజుల్లోపు ప్రయోగశాలకు చేర్చాలి, లేకపోతే అతిశీతల ఫ్రీజరు ఉండాలి. సెరంగో ఘాటు రోడ్డులో వానాకాలం కొండచరియ జారిన రోజున ఐసు పెట్టె పట్టుకొని నిలబడిన మనిషికి ఈ నియమం ఎలా ఉంటుందో బడ్జెట్టు రాసే ముందే ఆలోచించుకోవాలి. ఐసు పెట్టెకు, బండి అద్దెకు విడిగా పద్దు రాయని సీడ్ దరఖాస్తు మా ప్రాంతంలో మొదటి వానకే మూలపడుతుంది.

గైడు వేరు, మెంటారు వేరు

వైద్య కళాశాలల్లో గైడు అనే మాట అందరికీ తెలుసు. పీజీ విద్యార్థికి థీసిస్ తప్పనిసరి, దానికి గైడు సంతకం తప్పనిసరి. ఒక్క గైడుకు పలువురు విద్యార్థులు ఉంటారు, థీసిస్ సమర్పించిన రోజుతో బంధం తీరిపోతుంది. మెంటారు పని సంతకం దగ్గర మొదలు కాదు. ప్రశ్నను కత్తిరించాలి, అవసరమైతే వద్దని చెప్పాలి, ఎంతమంది రోగులు కావాలో లెక్క వేయించాలి, తిరస్కరణ లేఖను పక్కన కూర్చొని చదివించాలి. తన పేరు మొదట వేసుకోకుండా శిష్యుడి పేరు మొదట వేయించాలి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం రచయితగా పేరు పెట్టుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది: అధ్యయన రూపకల్పనలోనో సమాచార సేకరణ, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పాలు, రాతలో లేదా దిద్దడంలో పాలు, తుది ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీ. శాఖాధిపతి అయినందుకు పేరు వేసే అలవాటుకు ఆ నాలుగింటిలో ఎక్కడా చోటు లేదు.

మెంటారు పనిని పద్ధతిగా మలచిన ప్రయత్నాల్లో సార్ట్ ఇట్ అనే పరిశోధన శిక్షణ నాకు గట్టిగా నచ్చింది. క్షయ మీద పనిచేసే ది యూనియన్, అంతర్జాతీయ వైద్య సేవా సంస్థ ఎమ్‌ఎస్‌ఎఫ్ 2009లో మొదలుపెట్టగా, తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థలోని ఉష్ణమండల వ్యాధుల పరిశోధన కార్యక్రమం టీడీఆర్ సమన్వయం చేస్తున్న ఈ శిక్షణలో, కార్యక్రమ స్థాయి ఉద్యోగులు తమ ప్రశ్న తామే తెచ్చుకొంటారు. మొదటి దశలో ప్రణాళిక, రెండో దశలో సమాచార విశ్లేషణ, మూడో దశలో వ్యాసం రాయడం. ప్రతి దశకూ గడువు ఉంటుంది, గడువు తప్పినవారు తర్వాతి దశకు రాలేరు. కఠినంగానే కనిపిస్తుంది, కానీ మెంటారు కూడా అదే గడువుకు కట్టుబడతాడన్నది ఇందులో ఆయువుపట్టు. ఊపిరితిత్తుల వ్యాధుల పరిశోధకుల కోసం అమెరికన్ థొరాసిక్ సొసైటీ 1994లో మొదలుపెట్టిన మెకార్ శిక్షణ భారతదేశంలోనూ జరుగుతోంది. పెద్ద సంస్థను ఇరుసుగా, చుట్టూ ఉన్న విశ్వవిద్యాలయాలను ఆకులుగా కట్టి నడిపే పేర్ (PAIR) పథకాన్ని అనుసంధాన్ ఫౌండేషన్ ఇటీవలే తెచ్చింది. బండిచక్రంలో ఆకులు ఇరుసుకు బలం ఇస్తాయని గుర్తుంచుకుంటే అది మంచి పథకం. నమూనాలన్నీ ఇరుసుకు చేరి, పేరు కూడా అక్కడే ఆగిపోతే, ఇక్కడివారికి మిగిలేది స్వాబ్ తీసే పని.

మా వైద్యురాలికి చివరికి దొరికిన మెంటారు మరో రాష్ట్రంలో ఉన్న పిల్లల డాక్టరు. వారానికి ఒకసారి ఫోనులో అరగంట మాట్లాడేవారు. ఆయన చేసిన మొదటి పని మరణాల ప్రశ్నను పక్కన పెట్టించడం. "పెద్దాసుపత్రికి పంపిన 30వ రోజున ఎంతమంది తల్లులు ఫోనులో దొరుకుతారో ముందు చూడండి, దొరకనివాళ్లలోనే మీ మరణాలు ఉంటాయి" అన్నారట. దరఖాస్తు మొత్తం ఆ ఒక్క మాట చుట్టూ తిరిగి రాశారు, అదే మంజూరైంది.

ఆ అరగంటలకు ఎవరూ డబ్బు కట్టలేదు. సీడ్ పథకాల్లో ఎక్కువభాగం మెంటారు సమయాన్ని ఖర్చుగా గుర్తించవు, అనుమతి లేఖ ఒకటి అడిగి ఊరుకుంటాయి. ఏడాది పొడవునా వారానికి అరగంట అంటే 26 గంటలు. పరికరాలకు లక్షలు రాసే బడ్జెట్టులో ఈ 26 గంటలకు, ఏడాదికి ఒకసారి మెంటారు కొండకు వచ్చి స్వయంగా చూసే ప్రయాణానికి పద్దు ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు.

మాట దగ్గర పడిన చిక్కు

నా వంతు పని ప్రశ్నపత్రాన్ని, అంగీకార పత్రాన్ని తెలుగులోకి తేవడం. మూలం ఒడియాలో వచ్చింది. అందులో ఇంట్లో ఎవరికైనా శ్వాస రోగం ఉందా అన్న అర్థంలో ఒక ప్రశ్న ఉంది. ఒడియాలో శ్వాస రోగం అంటే ఉబ్బసం. రెండు భాషలకూ ఉమ్మడి అయిన సంస్కృత మాటే కదా అని నేను దాన్ని శ్వాస రోగం అనే ఉంచేశాను. పర్లాకిమిడి పేటలో ఒక పెద్దావిడ దగ్గర ఆ ప్రశ్న చదివితే, "శ్వాస రోగమంటే ఏటి బాబూ, టీబీయా? మా ఇంట్లో అలాంటివేం లేవు" అని చీర కొంగు సర్దుకొని లోపలికి వెళ్లిపోయింది. గుమ్మం దాకా పిల్లికూతలతో కూడిన ఆయాసం వినిపిస్తూనే ఉంది. ఫారంలో మాత్రం లేదు అని పడింది. ఆ రోజే ప్రశ్నను "ఆయాసం గానీ పిల్లికూతలు గానీ ఎవరికైనా వస్తుంటాయా" అని మార్చాం.

ఛాతీ లోపలికి పోవడం అని నేను రాసినది తల్లులెవరికీ అర్థం కాలేదు. డొక్కలెగరేస్తున్నాయా అంటే ప్రతి తల్లీ చెప్పగలిగింది. మా వైపు రొంప అనేదాన్ని సిరోంచా వైపు సర్ది అంటారు, మనం ఆయాసం అనేదాన్ని వాళ్లు దమ్ము అంటారు. కనుక ఒకే తెలుగు ఫారాన్ని రెండు సరిహద్దులకూ పంపడం కూడా కుదరదు. తెలుగు చేసిన ఫారాన్ని మూలం చూడని మరొకరితో తిరిగి ఒడియాలోకి మార్పించి పోల్చి చూడాలన్న నియమం పుస్తకాల్లో ఉంది. దానికి మనిషి కావాలి, రెండు రోజుల కూలి కావాలి, అందుకే జరగదు.

కొండల మీది సవర గిరిజన తల్లుల విషయం ఇంకా కష్టం. సవర భాషకు 1936లో మంగై గమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి ఉన్నా, ఆ లిపిలో ఫారం ఇస్తే చదవగలిగినవారు ఊరికి ఒకరిద్దరు. చదవలేనివారి దగ్గర అంగీకారం తీసుకునేటప్పుడు అధ్యయనంతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండి సంతకం చేయాలి. ఆ సాక్షికి సవర, ఒడియా రెండూ రావాలి. కొండ ఊళ్లో అలాంటి మనిషి సాధారణంగా ఆశా కార్యకర్త ఒక్కరే, ఆవిడ అధ్యయనంలో భాగస్వామి కనుక సాక్షిగా పనికిరాదు.

రెండో దరఖాస్తు బడ్జెట్టులో అనువాదానికి రాసిన పద్దును సమీక్షకులు అనవసరం అని కొట్టేశారు. మెంటారు ఆ పెద్దావిడ సంగతిని నాలుగు వాక్యాల్లో రాసి జవాబు పంపితే పద్దు తిరిగి వచ్చింది. ఇప్పుడు ఫారం అయిదో ప్రతి నడుస్తోంది. సహాయకురాలు గుమ్మ వారపు సంత రోజున చెట్టు కింద కూర్చొని, సరుకులు అమ్ముకోవడానికి కొండ దిగివచ్చిన తల్లులను ఒక్కొక్కరినే పలకరిస్తుంది. ఫోను దొరకనివారి పేర్లకు పక్కన ఎర్ర పెన్సిలుతో గీత పెట్టుకుంటుంది, ఆ ఊరి నుంచి వచ్చినవారెవరైనా కనిపిస్తే ముందు ఆ గీత ఉన్న పేర్లే అడుగుతుంది.